జనవరిలో స్టేజ్, అక్టోబరంతా బందోబస్తు: పోలీసు డ్యూటీ చేస్తూ కటింగ్ ఎలా?

గంజాం ఖాకీ:
అందరికీ నమస్తే. బరంపురం దగ్గర్లో కానిస్టేబుల్‌ని. వయసు 29, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 83 కిలోలు. జనవరి మూడో వారంలో బాడీ బిల్డింగ్ పోటీలో 75 కిలోల విభాగంలో స్టేజ్ ఎక్కాలని ఉంది. వారంలో రెండు మూడు నైట్లు పడతాయి. దసరా, దీపావళి బందోబస్తు ఉండనే ఉంది.

నాలుగు సందేహాలు. కటింగ్ (పోటీకి ముందు కొవ్వు తగ్గించుకోవడం) ఎప్పుడు మొదలుపెట్టాలి? పన్నెండు గంటలు రోడ్డు మీద నిలబడే రోజున ఏం తినాలి, ఏది పాడవకుండా ఉంటుంది? డిపార్ట్‌మెంట్ పర్మిషన్ ఎలా అడగాలి? చివరిది, జిమ్‌లో అందరూ "ఆఖరి మూడు రోజులు నీళ్లు మానేయ్, ఉప్పు మానేయ్" అంటున్నారు. ఆ వారంలో నాకు ఆర్మ్‌డ్ గార్డు డ్యూటీ పడొచ్చు. ఏం చెయ్యమంటారు?

జిమ్ మాస్టారు:
తమ్ముడూ, ముందు డ్యూటీ క్యాలెండర్ తీసి ఎదురుగా పెట్టుకో, డైట్ చార్ట్ ఆ తర్వాత. మనవైపు తప్పులన్నీ ఇక్కడే మొదలవుతాయి. పోటీ తేదీ నుంచి పన్నెండు వారాలు వెనక్కి లెక్కేసి మొదలుపెడతారు, మధ్యలో దసరా వచ్చి రెండు వారాలు తినేస్తుంది.

83 నుంచి 75 అంటే ఎనిమిది కిలోలు. వారానికి అర కిలో చొప్పున దిగితే పదహారు వారాలు. అంతకంటే వేగంగా దిగితే కండ కూడా కరుగుతుంది. ముఖ్యంగా 78 కిందికి వచ్చాక వేగం పెంచకూడదు. దీనికి ఇంకో మూడు వారాలు కలుపు. ఎందుకంటే అక్టోబరు అంటే మనకు పండగొక్కటే కాదు, తుఫాను నెల కూడా. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. 2018లో తిత్లీ అక్టోబరు 11న వచ్చింది. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే సెలవులు రద్దు, ఎక్కడ పడుకుంటావో, ఏం తింటావో నీ చేతిలో ఉండదు. ఆ వారం బరువు దిగకపోయినా ఫరవాలేదన్నట్టు ప్లాన్ ఉండాలి. అంటే మొత్తం పంతొమ్మిది వారాలు, సెప్టెంబరు మొదటి వారంలోనే మొదలుపెట్టాలి.

ఏప్రిల్ పోటీలకు వెళ్లాలనుకునేవాళ్లకు కూడా ఒక మాట. బరంపురంలో ఠాకురాణి అమ్మవారి యాత్ర జరిగే ఏడాది చైత్రంలో పోటీ పెట్టుకోవద్దు. రెండేళ్లకోసారి వచ్చే యాత్ర, దాదాపు నెల రోజులు, రాత్రంతా జనం. యాత్ర లేని ఏడాది కూడా చైత్ర మంగళవారాలు తారాతారిణి మేళాకి పోతాయి. ఆషాఢంలో రథయాత్రకి పూరీ పంపుతారు. ఇవన్నీ తీసేస్తే కాస్త తెరిపి దొరికేది డిసెంబరు, జనవరి, ఫిబ్రవరే. నువ్వు జనవరి ఎంచుకోవడం మంచి పని.

తిండి లెక్క చెప్తాను. మొదట్లో రోజుకి 2,300 క్యాలరీల దగ్గర పెట్టు. అందులో ప్రొటీన్ 180 గ్రాములు, కొవ్వు 60, మిగతాది పిండి పదార్థం, సుమారు 260. ఇంట్లో ఉన్న రోజు ఇలా సరిపోతుంది: పొద్దున మూడు గుడ్లు, ఇంకో ఐదు తెల్లసొనలు, 60 గ్రాముల చోడి (రాగి) పిండితో అంబలి. మధ్యాహ్నం పచ్చిగా తూచిన 200 గ్రాముల చికెన్, 80 గ్రాముల బియ్యం అన్నం, పప్పు. సాయంత్రం ఒక స్కూప్ వే ప్రొటీన్ (పాల నుంచి తీసిన ప్రొటీన్ పొడి), 40 గ్రాముల వేయించిన శనగలు. రాత్రి 250 గ్రాముల చేప, మళ్లీ 80 గ్రాముల బియ్యం, 30 గ్రాముల సోయా చంక్స్ కూర, ఒక కప్పు పెరుగు. నూనె రోజంతా కలిపి మూడు టీస్పూన్లు, గరిటెతో కాదు, స్పూనుతో కొలిచి. తూకం ఎప్పుడూ పచ్చిదే వేయి. వండిన అన్నం తూచితే ఒకరోజు ముద్దగా, ఒకరోజు పలుకుగా ఉండి లెక్క తప్పుతుంది.

బరువు వరుసగా రెండు వారాలు కదలకపోతే అప్పుడు 150 క్యాలరీలు తగ్గించు, బియ్యంలోంచే. ఒక్క వారం చూసి కంగారు పడకు. దీనికి కారణం ఉంది. రాత్రంతా బూట్లలో నిలబడ్డాక కాళ్లలోకి నీరు దిగుతుంది. సాక్స్ విప్పితే పిక్క మీద పట్టీ గుర్తు లోతుగా పడి ఉంటుంది చూడు, అదే. ఆ పొద్దున తూకం కిలో, కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. అది కొవ్వు కాదు. అది చూసి ఆ రోజు అన్నం మానేసి, మర్నాడు నీరసంతో జిమ్‌కి వచ్చేవాళ్లు చాలామంది. రాత్రి మంచం మీద పడుకుని లేచిన రోజుల్లో మాత్రమే తూచుకో, వారానికి మూడుసార్లు, సగటు రాసుకో.

రిజర్వ్ లైన్:
పర్మిషన్ సంగతి నేను చెప్తాను. దీన్ని చాలామంది నోటిమాటతో కానిచ్చేసి తర్వాత ఇబ్బంది పడతారు.

దరఖాస్తు రాతపూర్వకంగా, ఐఐసీ (స్టేషన్ ఇన్‌స్పెక్టర్ ఇన్‌ఛార్జ్) గారి ద్వారా ఎస్పీ గారికి వెళ్లాలి. బెటాలియన్‌లో ఉంటే కమాండెంట్ గారికి. పోటీ పేరు, నిర్వహించే సంఘం, అది ఏ సమాఖ్య కింద ఉంది, ఊరు, తేదీలు, ఎన్ని రోజుల సెలవు, ఏ రకం సెలవు అన్నీ రాయండి. పోటీ ప్రకటన నకలు జతచెయ్యండి. డైరీ నంబరు పడిన కాపీ మీ దగ్గర ఉంచుకోండి. కనీసం రెండు నెలల ముందు ఇవ్వండి, తర్వాత నెల ముందు ఒకసారి గుర్తుచెయ్యండి. పోటీ రోజుకి మాత్రమే సెలవు అడగడం పొరపాటు. ముందు ఏడు రోజులు, తర్వాత రెండు రోజులు అడగాలి. ఎందుకో మాస్టారు చెప్తారు.

రెండో విషయం డబ్బు. ఒడిశాలో మనకి 1959 నాటి ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. ముందస్తు అనుమతి లేకుండా వేరే వ్యాపారం, వేరే ఉద్యోగం చేయకూడదు. సప్లిమెంట్ కంపెనీ ఉచితంగా డబ్బాలిచ్చి ఫొటో పెట్టమన్నా, సాయంత్రాలు జిమ్‌లో ఫీజు తీసుకుని ట్రైనింగ్ ఇచ్చినా, వీడియోల మీద ఆదాయం వచ్చినా ఇదే ప్రశ్న వస్తుంది. నగదు బహుమతి వస్తే అదీ రాతలో తెలియజేసేయండి. నిర్వాహకులు ఫ్లెక్సీ మీద వేయడానికి యూనిఫాం ఫొటో అడుగుతారు, జనానికి అది బాగా కనిపిస్తుంది కాబట్టి. ఇవ్వొద్దు. యూనిఫాంలో కండలు చూపించే రీల్స్ కూడా వద్దు.

ఇంకొకటి, బయట పోటీలే దారి అనుకోకండి. ఆల్ ఇండియా పోలీస్ స్పోర్ట్స్ కంట్రోల్ బోర్డు కింద జరిగే రెజ్లింగ్ క్లస్టర్‌లో బాడీ బిల్డింగ్ కూడా ఉంది. రాష్ట్ర పోలీసు జట్టుకి ఎంపికైతే ప్రాక్టీసు క్యాంపు, ప్రయాణం డ్యూటీ కిందకే వస్తాయి. జిల్లా స్థాయి సెలక్షన్ ఎప్పుడు పెడుతున్నారో రిజర్వ్ ఆఫీసులో కనుక్కుంటూ ఉండండి. పోలీసు ఉద్యోగంలోనే ఉంటూ ఆసియా స్థాయికి వెళ్లినవాళ్లు ఉన్నారు, మహారాష్ట్ర పోలీసులో సుభాష్ పూజారి గారు అలాంటివారే.

బీచ్ రోడ్:
బందోబస్తు తిండి గురించి. గోపాలపురం వైపు ఉక్కపోతలో చికెన్ డబ్బా పట్టుకెళ్లడం మానండి. ఎండ 32 డిగ్రీలు దాటితే వండిన మాంసం బయట గంటకంటే ఎక్కువ ఉంచకూడదు. జీపు డాష్‌బోర్డు మీద పెడితే ఇంకా తొందరగా పోతుంది. డ్యూటీలో విరేచనాలు పట్టుకుంటే ఆ రోజు డైట్ పోవడమే కాదు, పాయింట్ వదిలి వెళ్లాల్సొస్తుంది.

పాడవనివి పట్టుకెళ్లండి. 80 గ్రాముల చత్తువా, అంటే వేయించిన గింజల పిండి, పొట్లం (అందులో చక్కెర కలిపి అమ్ముతారు, కలపనిది అడగండి), వేయించిన శనగలు 50 గ్రాములు, షేకర్‌లో పొడి వే ప్రొటీన్ ఒకటిన్నర స్కూపు. నీళ్లు ముందే కలపొద్దు, తాగేముందు కలపండి. కలిపి ఉంచితే రెండు గంటల్లో పులిసి వాసనొస్తుంది, ఆ వాసన షేకర్ మూత రబ్బరులోంచి వారం రోజులైనా పోదు. ఉడకబెట్టిన గుడ్లు తీసుకెళ్తే పెంకు తీయకుండా తీసుకెళ్లి, మొదటి గంటలోనే తినేయండి.

మెస్‌లో దాల్మా పెడితే భయపడక్కర్లేదు, పప్పు, కూరగాయలే కదా. పకాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) కూడా మంచిదే, వేసవిలో ఒంటికి చలవ. దాంతో పెట్టే బడి (వడియాల) వేపుళ్లు, ఎండుచేపల దగ్గరే నూనె, ఉప్పు ఎక్కేస్తాయి.

నీళ్ల గురించి: మూడు రోజులు మానడం ఎక్కువే కానీ ఆఖరి ఒక్కరోజు మానితే చర్మం పల్చబడి కండల గీతలు బాగా కనబడతాయి. అది చేసుకోవచ్చనుకుంటా.

జిమ్ మాస్టారు:
బీచ్ రోడ్ గారూ, తిండి గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను. నీళ్ల మాట మాత్రం ఒప్పుకోలేను.

కండలో నాలుగింట మూడొంతులు నీరే. ఒక గ్రాము గ్లైకోజెన్ (తిన్న పిండి పదార్థం కండలో నిల్వ ఉండే రూపం) దాచుకోవాలంటే కండకి దాదాపు మూడు గ్రాముల నీళ్లు కావాలి. ఆఖరి రెండు రోజులు అన్నం పెంచి నీళ్లు ఆపితే ఆ అన్నం కండలోకి వెళ్లే దారే ఉండదు. స్టేజ్ వెనక పంప్ (కండ ఉబ్బడం) రాదు, ఛాతీ చప్పగా కనిపిస్తుంది. చర్మం కింద ఉన్న నీరు మాత్రమే పోయి కండలో నీరు మిగలడం అనేది జరగదు. గీతలు రాకపోవడానికి తొంభై పాళ్లు కారణం ఇంకా కొవ్వు మిగిలి ఉండటమే.

గంజాం ఖాకీ, నీ విషయంలో ఇంకా పెద్ద సమస్య ఉంది. ఒంట్లో నీరు బరువులో రెండు శాతం తగ్గితేనే ఏకాగ్రత పడిపోవడం మొదలవుతుంది. 76 కిలోల మనిషికి అది కిలోన్నర. ఆ స్థితిలో నీ చేతిలో రైఫిల్ ఉండకూడదు. అందుకే రిజర్వ్ లైన్ గారు ముందు ఏడు రోజులు సెలవు అడగమన్నారు. నీళ్లు మానకపోయినా, ఆ వారం కొవ్వు బాగా తగ్గి, నిద్ర పలచబడి, చిన్న మాటకే కోపం వస్తుంది. జనంతో మాట్లాడే డ్యూటీ, ఆయుధం డ్యూటీ రెండూ ఆ వారం నీకు పడకుండా చూసుకో. సెలవు రద్దయితే పోటీ వదిలెయ్, లేదా నీళ్లూ ఉప్పూ మామూలుగా ఉంచుకుని ఎలా ఉన్నావో అలాగే ఎక్కు.

ఆఖరి వారం చేయాల్సింది ఇంతే. నీళ్లు రోజూ నాలుగు లీటర్లు, పోటీ ముందురోజు సాయంత్రం దాకా అంతే, తర్వాత దాహానికి తగ్గట్టు. ఉప్పు రోజూ తినేంతే. ఆఖరి రెండు రోజులు బియ్యం రోజుకి మరో 150 గ్రాములు పెంచు, కూర పీచు తగ్గించు. కొత్త పదార్థం ఏదీ ఆ వారం నోట్లో పెట్టకు. తూకం ముందురోజా, అదే రోజు పొద్దునా అన్నది నిర్వాహకుల్ని ముందే అడుగు. అదే రోజు అయితే వారం ముందే 74.5 దగ్గర ఉండాలి.

నైట్ డ్యూటీ వారంలో ట్రైనింగ్ ఎక్కడ పెట్టాలో కూడా చెప్తాను. డ్యూటీ దిగి నేరుగా జిమ్‌కి రావొద్దు. నిద్రలేని ఒంటితో బరువైన స్క్వాట్ వేస్తే నడుం పట్టేస్తుంది. దిగగానే ఇంటికి, దారిలో నల్ల కళ్లద్దాలు, గుడ్లో పెరుగో కాస్త తిని, కిటికీకి ముదురు దుప్పటి కట్టి ఎనిమిదిన్నర నుంచి రెండు దాకా పడుకో. నాలుగున్నరకి జిమ్. డ్యూటీకి వెళ్లేముందు పెద్ద భోజనం, రాత్రి ఒంటిగంటకి చత్తువా, రెండు దాటాక టీ, కాఫీ వద్దు. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదు గంటలు పడుతుంది, మూడింటికి తాగింది ఎనిమిదికి నిద్ర చెడగొడుతుంది.

సోమవారం ఛాతీ, మంగళవారం వీపు అని వారాలకి ముడిపెట్టకు. నాలుగు వర్కవుట్లు వరుసగా రాసుకో: ఛాతీ-భుజాలు, వీపు-బైసెప్స్, తొడల ముందు భాగం, తొడల వెనక-పిక్కలు. ఎప్పుడు కుదిరితే అప్పుడు వరుసలో తర్వాతిది చెయ్. కాళ్ల వర్కవుట్ మాత్రం బందోబస్తు ముందురోజు పెట్టకు, రెండో రోజుకి నొప్పి ముదిరి నిలబడలేవు. బందోబస్తు వారంలో టైం అరగంటే దొరికితే సెట్లు మూడో వంతుకి తగ్గించు కానీ బరువు తగ్గించకు. కండ నిలబడటానికి అది చాలు. తేలిక బరువుతో ఎక్కువ రెప్స్ వేస్తే కండల గీతలు వస్తాయని ఇంకా చెప్తుంటారు, వినకు.

పోజింగ్ ఆఖరి ఎనిమిది వారాలు రోజూ ఇరవై నిమిషాలు. ఏడు తప్పనిసరి పోజులు, ఒక్కోటి పదిహేను సెకన్లు బిగించి, నవ్వుతూ, ఊపిరి బిగపట్టకుండా. దీనికి జిమ్ అక్కర్లేదు, బ్యారక్‌లో అద్దం చాలు. మంచి కండ ఉండి కూడా మూడో పోజుకే కాళ్లు వణికి స్థానం పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

పర్లాకిమిడి ఫార్మసీ:
మాస్టారు చెప్పని ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే కౌంటర్ దగ్గర అడిగేవాళ్లు ఉన్నారు. నీళ్లు పోవడానికి ఫ్యూరోసెమైడ్ మాత్ర వేసుకోవడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. అది నీటితో పాటు పొటాషియం, మెగ్నీషియం కూడా లాగేస్తుంది. మొదట పిక్కలు, పొట్ట కండరాలు పట్టేస్తాయి, ఆ తర్వాత గుండె లయ తప్పుతుంది. పైగా అది వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాలో ఉంది, పోటీలోనూ, బయటా.

కొవ్వు కరగడానికని క్లెన్‌బ్యుటెరాల్ అడుగుతారు. దాంతో చేతులు వణుకుతాయి, గుండె వేగం పెరుగుతుంది. ఫైరింగ్ రేంజ్‌లో చేతికి ఏది అక్కర్లేదో సరిగ్గా అదే. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు డాక్టరు చీటీ లేకుండా అమ్మడమే నేరం, కొనేవాడు పోలీసైతే ఆ ఇబ్బంది రెట్టింపు. పట్టుబడితే మొదటిసారే నాలుగేళ్ల దాకా నిషేధం పడుతుంది. పోలీసు పోటీలకి వెళ్లాలనుకునేవాళ్లకి అది అక్కడితో ఆగదు, డిపార్ట్‌మెంట్‌లోనూ వివరణ ఇచ్చుకోవాలి.

తెలిసి వేసుకోకపోయినా దొరికిపోయే దారులు రెండు. ఒకటి జలుబు మాత్రలు, కొన్నింటిలో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది. డాక్టరుకి ముందే మీరు పోటీ క్రీడాకారులని చెప్పండి. రెండోది ప్రీవర్కవుట్, ఫ్యాట్ బర్నర్ డబ్బాలు. లేబుల్ మీద లేని ఉత్ప్రేరకాలు వాటిలో దొరికిన సందర్భాలు ఉన్నాయి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు, బ్యాచ్ నంబరు లేని డబ్బా ముట్టుకోవద్దు. నంబరు ఉన్నంత మాత్రాన డోపింగ్ పరీక్షలో నెగ్గుతుందని కాదు. వే, క్రియేటిన్ (బలానికి వాడే పొడి), కాఫీ దాటి మీకు నిజంగా అవసరమైంది ఏదీ లేదు. క్రియేటిన్ రోజుకి 3 నుంచి 5 గ్రాములు.

మొదలుపెట్టేముందు ఒకసారి, ఎనిమిదో వారంలో ఒకసారి బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసేది), లివర్ పరీక్ష చేయించుకోండి. క్రియేటిన్ వాడేవాళ్లకీ, కండ ఎక్కువ ఉన్నవాళ్లకీ రక్తంలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువ చూపించొచ్చు, ఆ మాట డాక్టరుకి ముందే చెప్పండి.

రాయగడ నుంచి చెల్లి:
మాస్టారూ, లేడీ కానిస్టేబుళ్లకి కూడా ఇదే లెక్కా? నాకు 58 కిలోలు, ఫిట్‌నెస్ విభాగానికి వెళ్లాలని.

జిమ్ మాస్టారు:
చెల్లీ, పద్ధతి అదే కానీ వేగం ఇంకా నెమ్మది, వారానికి 300 గ్రాములు. ప్రొటీన్ 120 గ్రాములు, కొవ్వు 45 కంటే తగ్గించొద్దు. నెలసరి ఒక నెల తప్పితే జాగ్రత్తపడాలి, రెండో నెలా తప్పితే కటింగ్ ఆపెయ్, తిండి పెంచు, డాక్టర్ని కలువు. పెట్రోలింగ్‌లో నడక ఎక్కువుంటే ఆ రోజు కార్డియో వేరుగా చేయకు. తిన్నది చాలక కాళ్ల ఎముకల్లో పగుళ్లు వచ్చేది ఇలాంటప్పుడే.

గంజాం ఖాకీ:
అందరికీ ధన్యవాదాలు. సెలవు దరఖాస్తు రేపే రాస్తాను, నీళ్లు మానను. ఒక్కటే మిగిలింది. పోటీ అయిన మూడో రోజున డ్యూటీలో చేరాలి. స్టేజ్ కోసం ఒంటికి పూసే ట్యాన్ రంగు అప్పటికి పోతుందా? తిండి మామూలుకి ఎలా తేవాలి?

జిమ్ మాస్టారు:
తిండి ఒక్కసారిగా వదిలేయకు. పోటీ రాత్రి ఇష్టమైనది కడుపునిండా తిను, మర్నాడు నుంచి 2,500 క్యాలరీలు, తర్వాత వారానికి 150 పెంచుకుంటూ వెళ్లు. వదిలేసినవాళ్లకి నాలుగు రోజుల్లో నాలుగైదు కిలోలు నీరు పట్టి బూటు లేసు బిగవదు, నిలబడితే కాళ్లు సలుపుతాయి. మళ్లీ పెరిగేటప్పుడు కూడా 84 దాటకు. అంతకంటే బరువైతే పరుగు పోతుంది, యూనిఫాం చొక్కా చంకల దగ్గర చిరుగుతుంది. తొడ దగ్గర రెండు సెంటీమీటర్లు వదులుగా ఇంకో ప్యాంటు ఇప్పుడే కుట్టించుకుంటే మంచిది.

ట్యాన్ మూడో రోజుకి పూర్తిగా పోదు, వారం పడుతుంది. కానీ మెడ, ముఖం, మణికట్ల దగ్గర పోగొట్టొచ్చు, కనిపించేవి అవే కదా. చేత్తో తుడిస్తే ఊడే రంగు ఎలాగూ నిబంధనల ప్రకారం వేయకూడదు, కాబట్టి చర్మంలో పట్టే రకమే వేస్తారు, సబ్బుకి పోదు. స్టేజ్ దిగిన రాత్రే నువ్వుల నూనె బాగా పట్టించి అరగంట ఉంచు. సున్నిపిండితో నలుగు పెట్టుకుని వేడినీళ్లతో కడుగు. మర్నాడు పొద్దున, సాయంత్రం మళ్లీ. డ్యూటీ రోజున కాలర్ లోపల తెల్ల చేతిరుమాలు మడిచి పెట్టుకో. ఖాకీ కాలర్ మీద ఆ గోధుమ మరక పడితే ఎన్ని ఉతుకులకీ పోదు. చెమటకి ఇంకా దిగుతుంది కాబట్టి దిండు గలీబు కూడా పాతదే వేసుకో.